ఏకాదశి పిల్లికి సూదిమందు

పెళ్లయి కొవ్వూరు కాపురానికి వచ్చిన మొదటి ఏడాదంతా మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అలాగని ఆవిడ మాట్లాడని మనిషేమీ కాదు. పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా మాట్లాడుతూనే ఉండేవారు. కాకపోతే ఆ మాటలన్నీ పిల్లితో.

"చూశావటే, పప్పులో ఉప్పు లేదు. కొంతమంది పుట్టింట్లో ఉప్పు వాడరు కాబోలు," అనేవారు కంచం ముందు కూర్చుని. పక్కన కూర్చున్న పిల్లి ఒక కన్ను మూసి తెరిచేది. నేను వంటింట్లోంచి ఉప్పు గిన్నె తెచ్చి పక్కన పెట్టేదాన్ని. "అడగ్గానే తెప్పించావు, ఎంత తెలివే నీది!" అని ఆ మెప్పు కూడా దానికే ఇచ్చేసేవారు.

మొదట్లో ఒళ్లు మండేది. తరవాత నేనూ అదే దారి పట్టాను. "అమ్మగారికి చెప్పవే, రేపు మా అన్నయ్య వస్తున్నాడని," అనేదాన్ని గిన్నెలు తోముతూ. "రమ్మనవే, ఏం, మనమేమైనా కాదన్నామా?" అని వసారాలోంచి జవాబు వచ్చేది. రెండు గజాల దూరంలో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఆ బూడిదరంగు పిల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలా పనిచేసేది. ఆవిడ ఎందుకలా చేసేవారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. గర్వం అనుకున్నాను. బి.ఎస్సీ. చదివిన కోడలితో ఏం మాట్లాడితే ఏం తప్పు దొర్లుతుందో అన్న బెరుకు అని తెలియడానికి నాకు ఆవిడ వయసు దగ్గరపడాల్సి వచ్చింది.

ఇది ఎనభైల మొదట్లో మాట. మాది బెల్లం వ్యాపారం. వీధి వైపు కొట్టు, కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక వసారా, వసారా దిగితే నుయ్యి, ఆపైన పెరటి గోడ. గోడ అవతలి సందు తిన్నగా గోదావరి గట్టుకు పోతుంది. పొద్దస్తమానం బెల్లం దిమ్మల మధ్య కూర్చునే మా మామగారికి షుగర్. రోజూ పొద్దున్నే కాంపౌండరు వచ్చి ఇన్సులిన్ సూది వేసి వెళ్లేవాడు. సూది వేసేటప్పుడు మామగారు కళ్లు గట్టిగా మూసుకుని గోవిందా గోవిందా అనేవారు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మందు బుడ్డిని వంటింటి మూల తడి ఇసుక పోసిన కుండలో దాచేవాళ్లం.

మా ఇంట్లో నీచు అన్న మాట కూడా గట్టిగా అనకూడదు. కాబట్టి పిల్లి కూడా శాకాహారే. పెరుగన్నం, పాలు, పండగపూట పరమాన్నం. అది తినే పద్ధతి కూడా వేరు. అత్తగారు కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే తప్ప తన గిన్నె ముట్టేది కాదు. ఆవిడ ఏకాదశి ఉపవాసం ఉన్ననాడు కంచం పెట్టుకోరు గనక అదీ తినేది కాదు. ఈ ఒక్క ముక్కతో మా అత్తగారు వీధి వీధంతా తల ఎత్తుకు తిరిగేవారు. "మా పిల్లి ఏకాదశి ఉంటుందండి," అని పేరంటాళ్లకు చెప్పేవారు. వాళ్లు దానికి కూడా కాస్త పసుపు రాసి వెళ్లేవారు. ఏకాదశి మధ్యాహ్నాలు ఆ పుణ్యాత్మురాలు గోడ దూకి గట్టు కింద చేపలు ఆరబెట్టే ఇళ్ల వైపు నడవడం నేను రెండు మూడుసార్లు చూశాను. ఎక్స్ఛేంజి గుట్టు కదా, నేనెవరికీ చెప్పలేదు.

రెండో ఏడాది ఎండాకాలం వెళ్లేసరికి పిల్లి చిక్కిపోవడం మొదలుపెట్టింది. తిండి మాత్రం రెట్టింపు తినేది. నూతి దగ్గర తొట్టిలో నీళ్లు గటగటా తాగేది, తాగి తాగి వసారా మూల దాని ఇసుక పెట్టెలో పోసేది. వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి, మోకాళ్ల నొప్పుల ముసలమ్మలా నడిచేది. గోడ ఎక్కబోయి జారిపోయేది. "దిష్టి తగిలిందే నీకు. ఏకాదశి పిల్లి అని అందరూ పొగుడుతున్నారు," అని అత్తగారు ఎర్రనీళ్లు దిగదుడిచారు.

ఒకరోజు పొద్దున్న మామగారు పళ్లు తోముకుంటూ ఇసుక పెట్టె దగ్గర ఆగిపోయారు. పెట్టె చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. ఆయన వంగి చూసి, నోట్లో వేపపుల్ల తీసి, "ఇది నా జబ్బే!" అన్నారు. ఆ గొంతులో బాధ కంటే సంతోషమే ఎక్కువ వినిపించిందని ఇప్పటికీ అంటాను. ఇంట్లో ఆయన ఒక్కరికే పథ్యం ఉండడం ఆయనకు ఎప్పుడూ అన్యాయంగానే తోచేది.

మామగారు రోజూ తన మూత్రం తనే పరీక్ష చేసుకునేవారు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచేవారు. నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు తేలితే బాగా ఉన్నట్టు. పిల్లి మూత్రం పట్టడం ఎలాగన్నది ప్రశ్న. ఇసుక అయితే పీల్చేసుకుంటుంది. నేను పెట్టెలో ఇసుక తీసేసి, రేవు నుంచి తెచ్చిన గులకరాళ్లు కడిగి ఆరబెట్టి పోశాను. పిల్లి ఆ రాళ్ల మీద నిలబడి నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. గంటన్నర బిగబట్టుకుని చివరికి లొంగింది. అడుగున చేరిన దాన్ని చెంచాతో తీసి గొట్టంలో వేస్తే, ఇటుక రంగు అలా ఇలా రాలేదు. మామగారు తన గొట్టాన్ని దాని పక్కన పెట్టి, "చూడు, నాది పసుపే," అన్నారు అత్తగారితో. ఆయన తన దాంట్లో కాసిని నీళ్లు కలిపేవారని అందరికీ తెలుసు. పాపం, పిల్లికి ఆ విద్య రాదు.

బుట్టలో పిల్లిని పెట్టుకుని అత్తగారూ నేనూ రిక్షాలో పశువుల ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరు గారు పెద్దాయన. జీవితమంతా గేదెలతోనే గడిచిన మనిషి. పిల్లిని చూసి ముందు నవ్వారు గానీ, నేను రంగుల సంగతి చెప్పేసరికి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"పిల్లులకి షుగర్ వస్తుందని చదువుకున్నానమ్మా, చూడ్డం ఇదే మొదలు," అన్నారు. బీరువాలోంచి అట్ట ఊడిన పుస్తకం తీసి వెతికారు. అందులో దీని గురించి ఉన్నది ఒక్క పేరా. "మనుషుల ఇన్సులినే. ఉదయం రెండు యూనిట్లు, సాయంత్రం రెండు. ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ముందు తిండి, తరవాత మందు. తినకపోతే ఆ పూట మందు లేదు. తినకుండా మందు పడిందా, షుగర్ పడిపోయి తూలుతుంది, కొట్టుకుంటుంది, ప్రాణానికే ముప్పు. అలాగైతే తీపి ఏదన్నా తడిపి చిగుళ్లకి రాయండి. గొంతులో మాత్రం పొయ్యొద్దు."

"ఈ జబ్బు తగ్గుతుందేమో అడగవే డాక్టరు గారిని," అన్నారు అత్తగారు బుట్టలోకి చూస్తూ.

డాక్టరు గారు ఒక్క క్షణం తికమకపడి నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఆయన మంచివాడు, వంగి బుట్టకే జవాబు చెప్పారు. "పూటపూటా మందు పడితే బతుకుతావమ్మా. ఇంకోటి, పెరుగన్నం మానెయ్యాలి. నువ్వు పులి జాతి దానివి. చేపలు తినాలి."

రిక్షాలో ఇంటికి వచ్చేదాకా అత్తగారు పిల్లితో కూడా మాట్లాడలేదు.

చేపల సంగతి తేలడానికి రెండు రోజులు పట్టింది. పెరటి సందులో రోజూ గట్టు మీది నుంచి ఒక చేపలావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని అరుస్తూ వెళ్లేది. మా ఇల్లు దాటేటప్పుడు మాత్రం మర్యాదకు నోరు మూసుకునేది. ఇప్పుడు ఆవిడను పిలవాలి. అత్తగారు పిల్లిని చంకలో పెట్టుకుని పెరటి తలుపు తీసి, "దీనికి జబ్బు చేసింది," అని ఒక్క ముక్క చెప్పి మొహం పక్కకు తిప్పేశారు. మిగతాది నేను చెప్పాను.

"అయ్యో, దానికేం భాగ్యం అమ్మగారండీ, మా పొయ్యి మీదే ఉప్పూకారం లేకుండా ఉడకేసి తెస్తానండి," అంది ఆవిడ. "మీ పిల్లి మాకు కొత్తదేంటండి! ఏకాదశి ఏకాదశికీ మా చూరు కిందే కదండి ఉండేది."

అత్తగారు విననట్టు లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ చెవులు ఎర్రబడడం నేను చూశాను. నేనూ చూడనట్టే ఉన్నాను.

ఆ రోజు నుంచి మా వసారాలో జరిగిన భోజనాలు చూడడానికి రెండు కళ్లూ చాలేవి కాదు. పొద్దున్న ఆరున్నరకు, మళ్లీ సాయంత్రం, చేపలావిడ బాదం ఆకులో ఉడికిన చిన్న చేపలు తెచ్చి గోడ మీద పెట్టి వెళ్లేది. నేను ఆ ఆకును వసారా మెట్టు మీద పెట్టేదాన్ని. కానీ అత్తగారు తింటే తప్ప పిల్లి తినదే! అందుకని ఆవిడ తన చద్దన్నం కంచం వసారాలోకి తెచ్చుకుని, మెట్టుకు వీపు పెట్టి, గోడకు మొహం పెట్టి కూర్చునేవారు. ముక్కుకు పైటకొంగు. ముద్ద పెట్టుకోవాలంటే కొంగు కాస్త తప్పించి, పెట్టుకుని, మళ్లీ కప్పుకునేవారు. వెనక పిల్లి చేపలు నములుతూ ఉండేది. "తింటున్నావా?" అనేవారు గోడతో. చప్పరింపు వినిపిస్తే ఇంకో ముద్ద పెట్టుకునేవారు. ఇరవై ఏళ్లుగా కడిగి ముగ్గు పెట్టుకున్న వసారా అది. ఆ జంతువు మీద ఆవిడకు ఎంత ప్రేమ ఉందో నాకు ఆ వీపు చూస్తేనే అర్థమైంది.

సూది వెయ్యడానికి కాంపౌండరు ఒప్పుకోలేదు. "నేను మనుషుల కాంపౌండర్నండి, రేపు ఊళ్లో నా పరువేం కాను?" అన్నాడు. కానీ నాకు నేర్పాడు, వంకాయ మీద. సిరంజి మరగబెట్టడం, బుడ్డిని కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించడం, గాలిబుడగ తీసెయ్యడం, తోలు పైకి లాగి మడతలో గుచ్చడం. రెండు యూనిట్లంటే సిరంజి మీద ఒకే ఒక్క సన్నని గీత. ఆ గీత కనపడడానికి సిరంజిని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకునేదాన్ని. "ఆ వంకాయ మాత్రం కూరలో వెయ్యొద్దని చెప్పవే," అన్నారు అత్తగారు. మామగారు తన సిరంజి పిల్లి సిరంజితో కలిసిపోతుందేమోనని తన డబ్బా మీద పెద్దక్షరాలతో 'మనిషిది' అని రాయించారు. పిల్లి మాత్రం మొదటి రోజే సూదికి చెవి కూడా ఆడించలేదు. అది చూశాక మామగారు గోవిందా అనడం కాస్త తగ్గించారు.

వారం తిరిగేసరికి ఇటుక రంగు పోయి పసుపు వచ్చింది. పది రోజులకు ఆకుపచ్చ కూడా ఒకసారి కనిపించింది. పదకొండో రోజు ఏకాదశి.

ముందురోజు సాయంత్రం మా ఆయనతో రేవు దాకా షికారు వెళ్లాను. నేను లేని ఆ గంటలో అత్తగారు పెరటి తలుపు తీసి, "రేపు ఏకాదశి, మా గుమ్మంలోకి చేపలు తేవద్దు," అని చేపలావిడకు చెప్పేశారు. తరవాత పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "రేపు నీకూ ఉపవాసమే. తిండి లేదు గనక సూదీ లేదు. హాయిగా పడుకో," అని చెప్పారు. పిల్లికి చెబితే నాకు చెప్పినట్టే అన్నది ఆవిడ లెక్క. ఏడాదిన్నరగా ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు మరి. టెలిఫోను మోగినప్పుడు నేను ఇంట్లో లేనని ఆవిడకు తోచలేదు.

పొద్దున్న నేను వంటింట్లో హడావుడిగా ఉన్నాను. మా ఆయన రాజమండ్రి రైలుకు వెళ్లాలి, క్యారేజీ కట్టాలి. అత్తగారు తలస్నానం చేసి మడితో పూజలో కూర్చున్నారు. మడిలో ఉన్నప్పుడు ఆవిడను పలకరించకూడదు. ఏడుగంటలకు పిల్లి తనంతట తనే వచ్చి సిరంజి డబ్బా పక్కన కూర్చుంది. వసారా మెట్టు మీద బాదం ఆకు ఖాళీగా పడి ఉంది. తినేసింది, ఇక సూదే అనుకున్నాను. అది నిన్న సాయంత్రం ఆకు. ఆవిడ ఉపవాసమని నాకు తెలుసు. పిల్లి కూడా ఉపవాసమని, పైగా ఇప్పుడు గోడ దూకి ఎక్కడికీ పోలేదని నా బుర్రకు తట్టలేదు. బి.ఎస్సీ. చదివిన బుర్ర! రెండు యూనిట్లు వేసేశాను.

పదిన్నరకు పిల్లి నడవాలోకి వచ్చింది. తిన్నగా రాలేదు. స్తంభానికి గుద్దుకుని, అటు తూలి, ఇటు తూలి, గుమ్మం దగ్గర కూలబడింది. కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు.

"అమ్మాయ్!"

నేను పరుగెత్తుకొచ్చాను. ఆ పిలుపు నన్నేనని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అత్తగారు జపమాల కింద పడేసి, మడి చీరతోనే పిల్లి పక్కన కూర్చుని ఉన్నారు.

"అత్తయ్యగారూ, పొద్దున్న ఇది తిందా?"

"ఏం తింటుంది? ఏకాదశి కదా! సూది లేదుగా ఇవాళ?"

"వేశానండీ," అన్నాను.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "తీపి రాయమన్నాడుగా డాక్టరు. బెల్లం! బెల్లం తే అమ్మాయ్!"

బెల్లం కొట్టు వెనక ఇంట్లో బెల్లం కోసం వెతుక్కోవాల్సిన గతి ఎవరికీ రాకూడదు. మామగారి కోసమని వంటింట్లో బెల్లం డబ్బా అత్తగారే ఎప్పుడో మాయం చేశారు. కొట్టులో ఉన్నవన్నీ గోనె కట్టిన దిమ్మలు. నేను కొట్టు తలుపు దగ్గరికి పరిగెత్తి కేక పెట్టాను. మామగారు గద్దె దిగి వస్తూనే సంగతి గ్రహించారు. మారుమాట లేకుండా బనీను జేబులో చెయ్యి పెట్టి, కాగితంలో చుట్టిన నిమ్మకాయంత బెల్లం ముక్క తీసి ఇచ్చారు. ఒక వైపు కొరికి ఉంది. అత్తగారు ఆ ముక్కను చూశారు, ఆయన్ను చూశారు. "షుగర్ పడిపోతే పనికొస్తుందని..." అని ఆయన ఏదో గొణిగి, బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయారు.

నేను నీళ్లతో బెల్లం అరగదీశాను. పిల్లి దవడ బిగించి ఉంది. పెదవి పక్కకు లాగి చిగుళ్లకు రాయాలి. నా వేలు పళ్ల మీదే జారిపోయింది. అత్తగారు నా చేతిలో గిన్నె లాక్కుని, మడి చీర కొంగుతో దాని మూతి తుడిచి, తన చూపుడు వేలు ముంచి చిగుళ్ల మీద రాయడం మొదలుపెట్టారు. పూట పూటా చేపలు నమిలిన నోరది. ఏకాదశి. మడి. ఆవిడకు అవేవీ గుర్తున్నట్టు లేవు. రాస్తూనే ఉన్నారు. "నాకు చెప్పకుండా పోతావా నువ్వు? నీకెవరిచ్చారే ఆ హక్కు?" అని తిడుతూనే ఉన్నారు. కళ్లలోంచి నీళ్లు కారి గిన్నెలో పడుతున్నాయి. నాకు కూడా ఏడుపు ఆగలేదు. నా చేతులతో చంపేశాననే అనుకున్నాను. ఇది పోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడడానికి ఇక ఎవరుంటారన్న స్వార్థం కూడా ఆ ఏడుపులో ఉంది. అబద్ధమెందుకు?

ఎంతసేపయిందో తెలియదు. కాళ్లు కొట్టుకోవడం ఆగింది. ఇంకాసేపటికి నాలుక బయటికి వచ్చి ఆవిడ వేలిని ఒకసారి నాకింది.

"ఇప్పుడు దానికి తిండి పెట్టాలండి. పెట్టకపోతే మళ్లీ పడిపోతుంది," అన్నాను.

గిన్నెలో పాలు, పెరుగన్నం పెట్టాం. మూతి దగ్గర పెట్టినా ముట్టలేదు. తల ఎత్తి అత్తగారి వైపు చూసింది. ఆవిడ ముందు కంచం లేదు. వేలితో రాయబోయినా తల తిప్పేసింది. మామగారు బతిమాలారు, నేను బతిమాలాను. మళ్లీ ఆవిడ వైపే చూసింది.

అత్తగారు కాసేపు దేవుడి గది తలుపు వైపు చూశారు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏ ఏకాదశి నాడూ ఆవిడ నోట్లో మెతుకు పడలేదు. పురిటి మంచం మీద కూడా తప్పలేదని అందరూ చెప్పుకునేవారు. ఆవిడ లేచి కంచం తెచ్చుకున్నారు. మా కోసం వండిన అన్నంలోంచి రెండు గరిటెలు వడ్డించుకుని, పెరుగు కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నారు. గోడ వైపు తిరగలేదు. పిల్లి కళ్లలోకి చూస్తూ నమిలారు. అది లేచి నిలబడలేక, పడుకునే, తన గిన్నెలో మూతి పెట్టింది.

"పైకి వెళ్లాక నేను చెప్పుకుంటాలే," అన్నారు పిల్లితో, రెండో ముద్ద కలుపుతూ.

ఆ సాయంత్రానికి అది మామూలుగా నడిచింది. డాక్టరు గారు చెప్పిన మీదట ఆ పూట సూది మానేసి, మర్నాటి నుంచి ఒక యూనిట్ తగ్గించాం. మామగారి బనీను జేబు అత్తగారు ఆ రోజే కత్తిరించి కుట్టేశారు. ఆవిడ మళ్లీ పిల్లితోనే మాట్లాడడం మొదలుపెట్టారు. "ఏంటే, కొంతమంది సూది వేసే ముందు ఆకు ఏనాటిదో చూసుకోవాలని తెలుసుకున్నారా?" అన్నారు మర్నాడు. "తెలుసుకున్నారని చెప్పవే," అన్నాను నేను. ఆ అమ్మాయ్ అన్న పిలుపు ఎక్కడో ఎగిరిపోయింది. నేను దాని గురించి ఎవరితోనూ అనలేదు గానీ, ఆ తరవాత చాలా రోజులు వంటింట్లో ఉండి చెవి అటే పెట్టుకుని ఉండేదాన్ని.

ఆ తరవాత ప్రతి ఏకాదశికీ పొద్దున్నా సాయంత్రం ఆవిడ వసారాలో కంచం పెట్టుకున్నారు. గోడకు మొహం, ముక్కుకు కొంగు, వెనక చేపలు. పేరంటాళ్లు అడిగితే మాత్రం, "మా ఇంట్లో ఏకాదశి పద్ధతి కొంచెం మారిందండి," అని ఊరుకునేవారు. ఎవరికీ అంతకంటే అడిగే ధైర్యం లేదు.

పిల్లి ఇంకో ఏడాదిన్నర బతికింది. సిరంజిని వెలుగుకు ఎత్తకుండానే ఆ గీత నాకు తెలిసిపోయేది. మామగారు కూడా చివరికి కాంపౌండరును మాన్పించి, "ఆ చెయ్యే తేలిక," అని పిల్లి తరవాత తన చెయ్యి చాపేవారు. చలికాలంలో ఒకరోజు అది అత్తగారి ఒళ్లోనే నిద్రపోయి ఇక లేవలేదు. వయసైపోయింది, అంతే. నూతి పక్కన పాతిపెట్టాం.

తరవాత ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందో చెప్పలేను. అత్తగారు కంచం ముందు కూర్చుని నోరు తెరిచేవారు. పక్కకు తిరిగేవారు. అక్కడ ఎవరూ ఉండరు. నోరు మూసుకుని తినేసి లేచిపోయేవారు. ఒకరోజు చారులో నిజంగానే ఉప్పు మర్చిపోయాను. ఆవిడ చప్పటి చారే పోసుకుని తినేశారు. నాకు ఆ మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని ఏడవాలనిపించింది. పిల్లి కోసం కాదు.

ఆ వారంలోనే ఏకాదశి వచ్చింది. ఇక పిల్లి లేదు గనక ఆవిడ పాత ఉపవాసం మళ్లీ పట్టుకుంటారనుకున్నాను. పప్పూ అన్నం మా వరకే వండాను. పూజ అయ్యాక ఆవిడ వసారాలోకి వెళ్లి కూర్చున్నారు. ఎంతకీ లోపలికి రాకపోతే వెళ్లి చూశాను. గోడకు మొహం పెట్టి, ముందు ఖాళీ కంచం పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వెనక మెట్టు మీద ఏమీ లేదు.

"ఇవాళ ఏకాదశి కదండీ, అత్తయ్యగారూ," అన్నాను మెల్లిగా.

ఆవిడ గోడ వైపు నుంచి తిరగలేదు.

"తెలుసు. ఒక్కదాన్నే ఉపవాసం ఉండలేకపోతున్నాను, తినలేకపోతున్నాను. నువ్వూ కంచం తెచ్చుకుని ఇలా కూర్చో, అమ్మాయ్."

అత్తగారు తిన్నాక గానీ కోడలు కంచం పెట్టుకోని ఇల్లది. నేను అన్నం, పప్పు తెచ్చి ఇద్దరికీ వడ్డించి, ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. ఆవిడ పెట్టుకున్నాక నేనూ పెట్టుకున్నాను. నెమ్మదిగా నమిలి, గోడ మీది నుంచి చూపు తిప్పి, నా మొహంలోకి చూశారు.

"పప్పులో ఉప్పు తక్కువైంది," అన్నారు నాతో.